వానకు ముందే చిగురు: ఆమడగూరు సీమ పెరళ్ళలో వసంతం

ఆమడగూరు చుట్టుపక్కల ఎర్రనేలలూ బండగుట్టలూ కలిసిన మెట్టప్రాంతంలో, ఇటు గోరంట్ల, హిందూపురం దాకా, అటు పెనుకొండ, ధర్మవరం దాకా, వసంతం వచ్చేది నేల బాగా ఎండిపోయి ఉండే రోజుల్లోనే. పడమటి కనుమల చాటున ఉండటం వల్ల నైరుతి ఋతుపవనాలు ఇక్కడికి చేరేసరికి బలహీనపడతాయి. తీరానికి దూరం కావడం వల్ల ఈశాన్య ఋతుపవనాలూ అంతంత మాత్రంగానే తడుపుతాయి. కనుమలకు ఈవలి వైపున ఇలా వానకు ముఖం వాచిన నేలను భూగోళ శాస్త్రం వర్షచ్ఛాయా ప్రాంతం అంటుంది. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడేదాకా ఈ ఊళ్ళన్నీ ఉండిన ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అందులో చాలాభాగం జూన్ నుంచి అక్టోబరు లోపలే పడుతుంది, జనవరి నుంచి మార్చి దాకా చినుకు రాలడమే అరుదు. అయినా ఆ మార్చి నెలలోనే, వేరుశనగ చేలు బోసిపోయి, కుంటలు అడుగంటి, గుట్టల మీద గడ్డి పసుపు తిరిగిన వేళ, ఇంటి వెనుక వేపకొమ్మ రాగిరంగు చిగురు తొడుగుతుంది, కానుగ నిగనిగలాడుతుంది, మునగ తెల్లగా పూస్తుంది, మల్లెతీగ మొగ్గ వేస్తుంది.

నీళ్ళు లేని కాలంలో చెట్టు ఇంత పచ్చదనాన్ని ఎక్కడి నుంచి తెస్తుందన్న ప్రశ్నకు జవాబు దానికి కొద్దిరోజుల ముందు జరిగే ఆకురాలుపులోనే ఉంది. ఆకుల అడుగున ఉండే సన్నని రంధ్రాల గుండా చెట్టులోని నీరు ఆవిరై పోవడాన్ని బాష్పోత్సేకం అంటారు. శిశిరంలో ఆకులు రాలిపోగానే ఈ ఖర్చు ఆగిపోతుంది, లోతుకు పోయిన వేళ్ళు పీల్చే కొద్దిపాటి తేమ మాను నిండా మళ్ళీ నిలువ చేరుతుంది, ఆ నిలువతోనే మొగ్గలు విచ్చుకుంటాయి. వాన కోసం ఆగకుండా ముందే చిగురించడంలో చెట్టుకు మరో లాభం కూడా ఉంది. ఆకుతినే పురుగులు పెద్ద ఎత్తున పుట్టుకొచ్చేది తొలకరి తరువాత కనుక, అప్పటికి ఆకు ముదిరి, కొరకడానికి గట్టిపడి ఉంటుంది. వేప, రావి, మామిడి చిగుళ్ళకు మొదట్లో ఎరుపునిచ్చే ఆంథోసయానిన్ అనే వర్ణద్రవ్యం లేత ఆకును తీక్షణమైన ఎండ నుంచి కాపాడుతుందని శాస్త్రజ్ఞులు వివరిస్తారు. కవులు వసంతానికి ఇచ్చిన ఎర్రని చిగురు వెనుక ఇంత పొదుపూ ఇంత ముందుచూపూ ఉన్నాయని తెలిశాక ఆ ఎరుపు మరింత అందంగా కనిపించడం సహజం.

ఊరి బయటి చెట్టుకు ఈ నిలువ ఒక్కటే ఆధారం. పెరటి చెట్టుకు మరో ఆసరా ఉంది. అంట్లు తోమిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, స్నానాల నీళ్ళు చిన్న కాలువ కట్టుకొని అరటిబోదె మీదుగా కరివేపచెట్టు పాదులోకి, అక్కడి నుంచి నిమ్మచెట్టు మొదట్లోకి పారే ఏర్పాటు రాయలసీమ ఇళ్ళలో తరతరాలుగా ఉన్నదే. నాలుగైదు బిందెల వాడుకనీరు రోజూ ఒకే చోట ఇంకడం వల్ల, చుట్టూ మైళ్ళ కొద్దీ ఎండిన నేల నడుమ, ఆ పది అడుగుల మేర ఏడాది పొడుగునా తడిగా ఉంటుంది. తడి ఉన్నచోట వానపాములు, చీమలు, సాలీళ్ళు ఉంటాయి. వాటి కోసం పిట్టలు వస్తాయి. పిట్టలతో పాటు విత్తనాలూ వస్తాయి. వసంతకాలంలో ఈ సీమ జీవజాలానికి పెరడు ఇస్తున్న ఆశ్రయం దాని విస్తీర్ణాన్ని బట్టి చూస్తే చాలా పెద్దది, అయితే ఆ సంగతి ఎక్కువమంది గుర్తించనిది.

పెరటి చెట్లలో మొదట చెప్పుకోవలసింది వేప. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్ర వృక్షంగా వేపను, రాష్ట్ర పుష్పంగా మల్లెను, రాష్ట్ర పక్షిగా రామచిలుకను, రాష్ట్ర జంతువుగా కృష్ణజింకను ప్రకటించింది. ఈ నాలుగింటిలో మొదటి మూడూ ఒక మామూలు ఇంటి పెరట్లో ఒకే ఉదయం కనిపించగలవు. చిగురు వెంటే వచ్చే వేపపూత తెల్లగా, సన్నగా, తేనెవాసనతో ఉండి, రాత్రంతా రాలి తెల్లవారేసరికి చెట్టు కింద పలుచని చాపలా పరుచుకొని ఉంటుంది. ఉగాది పచ్చడికి ఆ పూత కావాలి. అయితే ఉగాది చాంద్రమానాన్ని అనుసరించేది కనుక 2023లో మార్చి 22న వచ్చిన పండుగ, మధ్యలో అధికమాసం పడటంతో, 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. చెట్టు మాత్రం అధికమాసాలను లెక్కపెట్టదు. పగటి పొడుగు, వేడి, మానులోని తేమ, వీటిని బట్టి అది పూస్తుంది. అందువల్ల పండుగ ముందుగా వచ్చిన ఏట పూత కోసం వీధులన్నీ వెతకవలసి రావడం, ఆలస్యంగా వచ్చిన ఏట పూతలో సగం పిందె కట్టి ఉండటం ఇళ్ళలో పెద్దవాళ్ళకు బాగా తెలిసిన విషయమే.

మొక్కలూ జంతువులూ ఏ ఋతువులో ఏ పని మొదలుపెడతాయో తేదీలతో సహా గమనించే శాస్త్రశాఖ ఒకటుంది. దానిని ఋతుజీవన శాస్త్రం అనవచ్చు. జపాన్‌లోని క్యోటో నగరంలో చెర్రీపూలు విరగబూసిన తేదీలు 9వ శతాబ్దం నుంచి దొరుకుతున్నాయి. అంత పొడుగైన పట్టిక చేతిలో ఉండబట్టే 2021లో మార్చి 26 నాటికే పూలు నిండుగా విచ్చినప్పుడు, పన్నెండు వందల ఏళ్ళలో అంత తొందరగా ఎన్నడూ జరగలేదని చెప్పగలిగారు. తెలుగు ఇళ్ళలో అటువంటి పట్టిక లేదు కానీ, ఏటా ఒకే పండుగ రోజున ఒకే చెట్టు పూత కోసం చేయి చాచే అలవాటు ఉంది. ఆ రోజున పూత మొగ్గలో ఉందా, విచ్చిందా, రాలిపోతున్నదా అన్న ఒక్క ముక్క పంచాంగం అంచున రాసిపెట్టుకుంటే, ఇరవై ఏళ్ళలో ప్రతి ఇల్లూ ఒక విలువైన శాస్త్రపత్రాన్ని తయారు చేసినట్టే. దేశంలో సామాన్య పౌరుల చేత, బడిపిల్లల చేత చెట్ల చిగురు, పూత, కాయ వివరాలను సేకరిస్తున్న సీజన్‌వాచ్ కార్యక్రమం చేస్తున్నది ఈ పనే.

పూతకు తేనెటీగలు రావడం అందరికీ తెలిసిన సంగతే కానీ, పెరట్లో వాటికన్నా ఎక్కువ కష్టపడే పురుగు ఒకటుంది. బొటనవేలు లావున, నల్లగా, నీలిమెరుపు రెక్కలతో, పెద్ద మోత చేస్తూ ఎగిరే తుమ్మెద మిద్దె దూలానికో పందిరి గుంజకో గీసినట్టు గుండ్రని రంధ్రం తొలిచి లోపల గూడు కట్టుకుంటుంది; లోపల గదులుగా విభజించి, ఒక్కొక్క గదిలో పుప్పొడి ముద్ద ఒకటి పెట్టి, దాని మీద గుడ్డు పెట్టి మూసేస్తుంది. ఒక పువ్వు పుప్పొడి మరో పువ్వు కీలాగ్రాన్ని చేరడమే పరాగ సంపర్కం. అది జరగనిదే కాయ లేదు. మునగపూతకు ఈ పని చేసిపెట్టేవాటిలో తుమ్మెదలదే ముఖ్యపాత్ర అని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. సుబ్బారెడ్డి, ఆయన సహచరులు చేసిన పరిశీలనల్లో తేలింది. గోడపక్కన కలుపుగా పెరిగే జిల్లేడుకు కూడా తుమ్మెదే కావాలి. దాని పుప్పొడి పొడిగా రాలేది కాదు, చిన్న సంచుల రూపంలో ఉండి పురుగు కాలికి తగులుకొని పోయేది, ఆ సంచిని పూవు చీలికలోంచి లాగగలిగే బలం పెద్ద తుమ్మెదకు ఉంటుంది. దూలానికి తూట్లు పడుతున్నాయని తుమ్మెదను తరిమేసిన ఇంట్లో మునగకాయ పలుచబడితే అందులో ఆశ్చర్యపడవలసింది లేదు. పెరటి మూల రెండు ఎండుకట్టెలు వదిలిపెడితే అది దూలం జోలికి రావడం తగ్గుతుంది.

కరివేపచెట్టు దగ్గర కాసేపు నిలబడటం అవసరం. ఈ చెట్టు శాస్త్రీయనామంలోని ‘కొయెనిగీ’ అన్న మాట, లిన్నేయస్ శిష్యుడూ తరంగంబాడిలో వైద్యుడిగా పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడూ అయిన యోహాన్ కొయెనిగ్ పేరు. ఆయన 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. తాలింపులో రోజూ చిటపటలాడే ఆకు తెలుగునేలలో కలిసిపోయిన ఒక విదేశీయుడి పేరు మోస్తున్నదన్న సంగతి వంటింట్లో ఎవరికీ గుర్తుండదు. వసంతంలో ఈ చెట్టు లేతరెబ్బ వేయగానే నలుపు మీద లేతపసుపు మచ్చలతో ఉండే నిమ్మ సీతాకోకచిలుక దాన్ని వెతుక్కుంటూ వస్తుంది. ముందుకాళ్ళతో ఆకును తట్టి రుచి చూసి, ఇది నిమ్మజాతి మొక్కేనని నిశ్చయించుకున్నాక, ఆవగింజకన్నా చిన్నదైన లేతపసుపు గుడ్డును ఒక్కొక్క లేత ఆకుకు ఒక్కొక్కటిగా అంటించిపోతుంది. ముదురాకును కొరకడం పిల్లపురుగు పళ్ళకు సాధ్యం కాదు గనుక చిగురు కాలమే దాని కాలం.

మూడు నాలుగు రోజులకు గుడ్డు నుంచి బయటపడే పురుగు నల్లగా, మధ్యలో తెల్లమచ్చతో, అచ్చంగా పిట్టరెట్టలా ఉంటుంది. పిట్టలు తమ రెట్టను తామే తినవు కాబట్టి ఆ వేషం దానికి రక్ష. కొన్నాళ్ళు గడిచి ఒళ్ళు పెరిగేసరికి రెట్టవేషం చెల్లదు. అప్పుడు కుబుసం విడిచి ఆకుపచ్చ రంగులోకి మారుతుంది, భుజాల దగ్గర గోధుమరంగు పట్టెలతో ఆకులో ఆకుగా కలిసిపోతుంది. ఆ దశలో పుల్లతో మెల్లగా తాకితే తల వెనుక నుంచి నారింజరంగు కొమ్ముల జత ఒకటి చటుక్కున బయటికి పొడుచుకొచ్చి, కుళ్ళిన పండులాంటి ఘాటైన వాసన వేస్తుంది. చీమలూ కందిరీగలూ వెనక్కి తగ్గేది ఆ వాసనకే. గుడ్డు నుంచి రెక్కల దాకా మొత్తం ప్రయాణం మూడు నాలుగు వారాలకు మించదు. చెట్టు నిండా ఆకు ఉన్నప్పుడు నాలుగు పురుగులు నాలుగు రెబ్బలు తింటే తాలింపుకు లోటు రాదు; మందు కొట్టిన రెబ్బ మాత్రం మనిషి నోట్లోకి కూడా పోతుంది. మల్బరీ తోటలున్న హిందూపురం ప్రాంతపు పట్టురైతులకు ఈ విషయం వేరే చెప్పనక్కరలేదు: పక్క చేలో కొట్టిన మందు గాలికి వచ్చి మల్బరీ ఆకు మీద పడితే పట్టుపురుగులు చచ్చిపోతాయని, ఆకు తినే పురుగు ప్రాణం ఎంత సుకుమారమైనదో వారికి అనుభవంలో తెలుసు.

పిట్టల్లో వసంతం తెచ్చే మార్పు అన్నిటికన్నా స్పష్టంగా కనబడేది తేనెపిట్టలో. ఊదారంగు తేనెపిట్ట మగది మిగతా కాలంలో ఆడదానిలాగే కింద పసుపుగా ఉండి, గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్లని గీత మాత్రమే కలిగి ఉంటుంది; జతకట్టే కాలం వచ్చేసరికి ఈకలు మార్చుకొని ఒళ్ళంతా నీలిమెరుపు కలిసిన నలుపుకు తిరుగుతుంది. సాలెగూళ్ళు, బెరడు పొరలు, ఎండుటాకు తునకలు, పురుగుల రెట్టలు కలిపి ఆడపిట్ట ఒంటరిగా సంచిలాంటి గూడు అల్లి, ద్వారం పైన చిన్న చూరు కూడా తీర్చి, మనుషులు తిరిగే పెరట్లోనే బట్టల తీగకో సన్నజాజి పందిరికో వేలాడదీస్తుంది. పేరు తేనెపిట్టే అయినా పిల్లలకు పెట్టే తిండిలో పురుగులూ సాలీళ్ళే ముఖ్యం, ఎందుకంటే తేనెలో బలం ఉంటుంది గానీ కండ పెంచే మాంసకృత్తులు ఉండవు. సాలెగూడు ఒక్కటి కూడా లేకుండా దులిపేసి, పురుగుల మందు చల్లి, పూలమొక్కలు మాత్రం వరసగా పెంచిన తోటలో తేనెపిట్ట పూట గడుపుకుంటుంది గానీ సంసారం చేయలేదు. రంగుల ఆకుల కోసం పెంచే క్రోటన్ల వరసలు చాలా ఇళ్ళ ముందు బోసిగా, నిశ్శబ్దంగా కనిపించడానికి కారణం ఇదే.

కోకిల విషయంలో సాహిత్యసంప్రదాయానికీ పరిశీలనకూ మధ్య కొంత దూరం ఉంది. మామిడి చిగురు తిని గొంతు తీపి చేసుకొని పాడుతుందని చెప్పే కోకిల నిజానికి ఎక్కువగా పండ్లు తినే పక్షి. హిందూపురం ప్రాంతంలో ఈ ఋతువులో మల్బరీ పండ్లు, రావిపండ్లు దానికి ఇష్టమైన ఆహారం. తెల్లవారుజామున స్వరం పెంచుకుంటూ కూసేది నల్లని మగపక్షి. గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉండే ఆడకోకిలకు ఆ పాట లేదు, దానిది గబగబా తునకలుగా వచ్చే కీచుమనే కేక. పగటి పొడుగు పెరగడం వల్ల శరీరంలో కలిగే మార్పులు దాన్ని కూయిస్తాయి; ఆ కూత మొదలయ్యేది కాకి గూడు కట్టబోయే కాలంలోనే. కాకిగూట్లో పెట్టిన కోకిలగుడ్డు కాకిగుడ్లకన్నా కొన్ని రోజులు ముందే పగలడం వల్ల కోకిలపిల్ల తిండికి ముందువరసలో ఉంటుంది. అయితే కొన్ని ఇతర దేశాల కోకిలజాతుల పిల్లల్లాగా ఇది గూటిలోని పిల్లలను సాధారణంగా కిందికి తోసేయదు, చాలాసార్లు కాకిపిల్లలతో కలిసే పెరుగుతుంది.

గోడల మీద కూడా వసంతానికి తనదైన రంగు ఉంది. మామూలు తొండ మగది ఈ కాలంలో తల, మెడ ఎర్రబడి, దండీలు తీస్తున్నట్టు ఒళ్ళు ఎత్తి దించుతూ తన హద్దును చాటుకుంటుంది; దూరం నుంచే రక్తం పీల్చేస్తుందన్న అపోహతో పిల్లలు దాన్ని రాళ్ళతో కొడతారు గానీ, అది తినేది చీమలను, మిడతలను, పురుగులను. గుట్టను ఆనుకొని ఉన్న ఇళ్ళలో బండల మీద తిరిగే మరో జాతి తొండ కనిపిస్తుంది. జతకట్టే కాలంలో దాని మగదానికి వీపు మీద ఎర్రని నారింజ వర్ణం, పక్కల కాటుకనలుపు వచ్చి, బూడిదరంగు బండ మీద నిప్పుకణిక పెట్టినట్టుంటుంది. ఎండలు ముదిరేకొద్దీ నీటి తడినీ ఎలుకలనూ వెతుక్కుంటూ పాములు రావడం కూడా ఉన్నదే. వచ్చేది చాలావరకు విషం లేని జెర్రిపోతే అయినా, నాగుపామూ రక్తపింజరీ ఉన్న సీమ ఇది కనుక కట్టెలమోపులు ఇంటిగోడకు ఎడంగా ఉంచడం, చీకట్లో దీపం లేకుండా పెరట్లోకి పోకపోవడం తప్పనిసరి.

పెరటి చెట్టు ఎంత పెద్ద ప్రాణికైనా పుట్టిల్లు కాగలదని చెప్పడానికి హిందూపురానికి సమీపంలోని చిలమత్తూరు మండలం వీరాపురం కన్నా గొప్ప ఉదాహరణ ఈ జిల్లాలో లేదు. ఏటా చలికాలం చివర ఎర్రకాళ్ళ కొంగలు గుంపులుగా ఆ ఊరికి చేరి, ఇళ్ళ నడుమనున్న చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని, వానాకాలంలో తిరిగి వెళ్ళిపోతాయి. పసుపుపచ్చని పెద్ద ముక్కు, నారింజరంగు ముఖం, తోక దగ్గర గులాబి ఈకలు ఉండే ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయన్న ప్రచారం ఉన్నా అది సరికాదు. ఇవి మన దేశపు పక్షులే, నీళ్ళూ చేపలూ ఉన్న చోటికి ఋతువును బట్టి మకాం మార్చుకుంటాయి, అంతే. మార్చి, ఏప్రిల్ ఎండలకు గూట్లోని పిల్లలు అలమటించకుండా తల్లీతండ్రీ రెక్కలు చాచి గొడుగు పట్టినట్టు నిలబడి నీడనిస్తాయి. కొంగలు వస్తే వానలూ పంటలూ బాగుంటాయని నమ్మే వీరాపురం ప్రజలు వాటి జోలికి ఎవరినీ రానివ్వరు. ఇంటి మీద రెట్టలు పడినా, చేపల వాసన వచ్చినా ఓర్చుకుంటారు. హిందూపురం మార్కెట్టు చింతపండుకు పేరుపడింది. చింతపండు దులిపి అమ్ముకునే కాలమూ కొంగలు పిల్లలను పెంచే కాలమూ ఒకటే అయినప్పుడు, గూళ్ళున్న చెట్టును కదపకుండా వదిలేయడం ఒక రైతు ఇంటికి చిన్న త్యాగం కాదు. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరెబెళ్ళూరు వాసులూ ఇదే విధంగా కొంగలకూ గూడబాతులకూ ఊళ్ళోనే చోటిచ్చారు. చుట్టుపక్కల చెరువులు ఎండిన ఏడు మాత్రం ఎంత ఆదరించినా కొంగలకు తిండి దొరకదు. చెట్టు ఊరివాళ్ళ చేతిలో ఉంటుంది, చెరువు వాన చేతిలో ఉంటుంది.

గత కొన్నేళ్ళుగా ఇల్లు కట్టుకునే పద్ధతి మారుతున్నకొద్దీ పెరటి వసంతం కూడా కుదించుకుపోతున్నది. రాతి మిద్దెల చూరుసందుల్లో గూడు పెట్టుకునే పిచ్చుకకు నున్నని కాంక్రీటు గోడలో సందు దొరకడం లేదు. మార్చి 20ని ప్రపంచ పిచ్చుకల దినంగా 2010 నుంచి పాటిస్తున్నా, పిచ్చుకకు కావలసింది గోడలో ఒక బొరియ, పిల్లలకు పెట్టడానికి నాలుగు పురుగులు. పెరడంతా బండలు పరిచి సిమెంటు పూసినచోట వాడుకనీరు గొట్టంలో పడి వీధికాలువకు పోతున్నది, అరటిబోదె పాదు అవసరమే లేకుండా పోతున్నది. అడుగు వెడల్పు మట్టి గోడ పొడవునా వదిలి, ఆ నీటిని అటు మళ్ళించినా చాలు, వేపకూ కరివేపకూ మునగకూ చోటు మిగులుతుంది. వేసవిలో వెడల్పాటి మట్టిమూకుడులో రెండంగుళాల లోతుకు మించకుండా నీళ్ళు పోసి, తేనెటీగలు మునిగిపోకుండా వాలడానికి ఒక గరుకురాయి అందులో ఉంచి, దోమ లార్వాలు ఎదగకుండా రెండు రోజులకొకసారి నీళ్ళు మారిస్తే పిట్టల దాహం తీరుతుంది.

మే నెల చివరికి వేపకాయ పండి పసుపు తిరుగుతుంది. పిగిలిపిట్టలు, గోరింకలు, కోకిలలు, రామచిలుకలు ఆ పండుకు మూగుతాయి. తీయని గుజ్జు పక్షికి, లోపలి గింజ నేలకు. ఆ గింజ ఎక్కువకాలం ఆగేది కాదు. కొద్ది వారాల్లో తడి తగలకపోతే మొలిచే శక్తి కోల్పోతుంది. పిట్ట ఎప్పుడూ ఏదో ఒక గోడ మీదనో తీగ మీదనో వాలి రెట్ట వేస్తుంది గనుక గింజలు ఎక్కువగా గోడమొదట్లోనే పడతాయి. ముంగారు వాన ఒక్కటి గట్టిగా కురిసిన పది పదిహేను రోజులకు, వాడుకనీళ్ళ కాలువ పక్కన, రెండు బద్దలను ఇంకా తలమీద మోస్తూ, పళ్ళున్న మొదటి ఆకు విప్పుతూ వేపమొలక ఒకటి నిలబడి ఉంటుంది.